సదస్సులో విద్యారచయితను కలిసి పుస్తకంపై సంతకం తీసుకోవడం ఎలా?

చలికాలం మొదలైందంటే చాలు, తోటి ఉపాధ్యాయుల నుంచి నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. "ఫలానా రచయిత మన జిల్లా సదస్సుకు వస్తున్నారట, కలవడం ఎలా?" "ఎప్పుడో కొన్న పాత ప్రతి తీసుకెళ్తే సంతకం పెడతారా?" "ఏమని పలకరించాలి?" "దగ్గరికి వెళ్ళాక నోరు పెగలలేదు. సంతకం తీసుకుని వచ్చేశాను. ఇప్పుడు ఏం చేయాలి?" ఈ చివరి ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. బడి గురించి ఏళ్ళ తరబడి ఆలోచించి పుస్తకం రాసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నారు. మన తరగతి గదిలో తెగని చిక్కు ఒకటి మన దగ్గర ఉంది. ఆ రెండూ కలవకుండానే ఇంటికి రావడం పెద్ద నష్టం.

నేను పదిహేనేళ్ళుగా ఇలాంటి వరుసల్లో నిలబడుతున్నాను. కొన్నేళ్ళు సెలవు రోజుల్లో ఒక స్టాలులో బిల్లులు రాస్తూ బల్లకు అవతలి వైపు కూడా కూర్చున్నాను. రెండు వైపుల నుంచీ చూసినవాటినే ఇక్కడ చెబుతున్నాను.

మన దగ్గర ఈ అవకాశం ప్రధానంగా మూడు చోట్ల దొరుకుతుంది. ఒకటి, ఉపాధ్యాయ సంఘాల జిల్లా, రాష్ట్ర మహాసభలు. సభామందిరం బయట వరండాలో పుస్తకాల బల్లలు తప్పకుండా ఉంటాయి. రెండు, విశ్వవిద్యాలయాల్లో, డైట్ కళాశాలల్లో (ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థల్లో) జరిగే బోధన సదస్సులు. మూడు, పుస్తక ప్రదర్శనలు. డిసెంబరు రెండో సగంలో హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే ప్రదర్శనకూ, జనవరి మొదటి రోజుల్లో మొదలయ్యే విజయవాడ పుస్తక మహోత్సవానికీ బడి గురించి రాసేవాళ్ళు చాలామంది వస్తారు. విజయవాడ ప్రదర్శన సంక్రాంతి సెలవులకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దూరపు జిల్లాల వాళ్ళకు కూడా వీలవుతుంది.

ఏమేమి కావాలి

- రచయిత పుస్తకం ఒకటి. మీరు చదివినది, గుర్తులు పెట్టుకున్నది అయితే మరీ మంచిది.
- మంచి బాల్‌పెన్నులు రెండు. జెల్ పెన్ను వద్దు, కారణం కింద చెబుతాను.
- మీ పేరు రాసిన చీటీ.
- చిన్న నోటు పుస్తకం.
- అట్టలు నలగకుండా పుస్తకాలు పెట్టుకోవడానికి గట్టి గుడ్డ సంచి.
- రెండు మూడు వందల రూపాయల చిల్లర. జనం ఎక్కువైన చోట ఫోను సిగ్నల్ అందదు. యూపీఐ చెల్లింపు తిరుగుతూనే ఉంటుంది, వెనక వరుస పెరిగిపోతూ ఉంటుంది.
- పనిదినం అయితే ముందే మంజూరైన సెలవు. సదస్సుకు ఆన్‌డ్యూటీ ఇస్తారని ఎవరో అన్నారని బయలుదేరకండి. ఉత్తర్వు చేతిలో ఉంటేనే ఆ మాట నమ్మండి. లేకపోతే ఆకస్మిక సెలవు పెట్టుకోండి.

1. రచయిత ఏ వేళకు ఎక్కడ ఉంటారో కనుక్కోండి

ఆహ్వాన పత్రంలో "పుస్తకావిష్కరణ" అని ఉంటే సంతకాలు కూడా ఉంటాయని అనుకోకూడదు. ఆవిష్కరణ అంటే వేదిక, అతిథులు, శాలువాలు, ఫోటోలు. రచయితను వేదిక దిగగానే నలుగురు చుట్టుముట్టి భోజనానికి తీసుకెళ్ళిపోతారు. అందుకని ప్రచురణకర్తకు ముందురోజే ఫోను చేయండి. నంబరు పుస్తకం వెనక అట్టమీదో, లోపల ప్రచురణ వివరాల పుటలోనో ఉంటుంది. "సార్, రేపు రచయిత మీ స్టాలు దగ్గర ఏ వేళకు కూర్చుంటారు?" అని అడగండి. స్టాలు వాళ్ళకు ఇది భారం అనిపించదు. ఒక పాఠకుడు ముందుగా అడిగాడంటే సంతోషిస్తారు, పది ప్రతులు ఎక్కువ తెచ్చుకుంటారు.

మహాసభల్లో పది గంటలకని వేసిన ప్రారంభ సభ ముఖ్య అతిథి వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. ఆ తర్వాతి కార్యక్రమాలన్నీ అంతే వెనక్కి జరుగుతాయి. నా అనుభవంలో మంచి సమయాలు రెండు. ఉదయం సభ మొదలవ్వకముందు అరగంట, భోజన విరామంలో చివరి ఇరవై నిమిషాలు. విరామం మొదట్లో వెళ్ళకండి. అప్పుడు రచయితకూ ఆకలి వేస్తుంది. పుస్తక ప్రదర్శనల్లో అయితే ఆదివారం సాయంత్రం వదిలేయండి. పనిదినాన ప్రదర్శన తెరిచిన తొలి గంటలో స్టాళ్ళ మధ్య నింపాదిగా నడవవచ్చు, మాట్లాడవచ్చు.

2. చదవండి, ఒక్కటైనా తరగతిలో చేసి చూడండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగిలినవన్నీ ఒక సాయంత్రంలో అయిపోతాయి. దీనికి రెండు వారాలైనా కావాలి.

పుస్తకం మొత్తం చదవడానికి తీరిక లేకపోతే ఒక్క అధ్యాయం చదవండి. అందులో చెప్పిన ఒక్క పనిని మీ పిల్లలతో చేయించండి. కుదిరినా కుదరకపోయినా ఏం జరిగిందో ఆ అధ్యాయం పక్కన పెన్సిలుతో నాలుగు మాటలు రాసుకోండి. మీ ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది.

నాకు జరిగినది చెబుతాను. పిల్లల చేత గోడపత్రిక రాయించడం గురించి ఒక రచయిత రాసినది చదివి, మా నాలుగో తరగతిలో మొదలుపెట్టాను. మొదటి వారం ఇరవై రెండు మంది రాశారు. ఇరవై రెండూ ఒకే కథ! మొదట రాసిన అమ్మాయిని చూసి మిగిలినవాళ్ళందరూ రాశారు. పుస్తకం అంచున "అందరూ ఒకటే రాశారు. ఎందుకు?" అని రాసుకున్నాను. ఆ ఏడాది మహాసభలో ఆయన బల్ల ముందుకు వెళ్ళినప్పుడు సంతకం కోసం పుస్తకం తెరుస్తూ ఆ పెన్సిలు గీత చూశారు. పెన్నుకు మూత పెట్టేశారు. "రాయించే ముందు ఏం మాట్లాడారు?" అని అడిగారు. ఏమీ మాట్లాడలేదని చెప్పాను. "ముందు రెండు రోజులు మాట్లాడించండి. ఒక్కొక్కరిని ఇంటి నుంచి ఒక్కో వస్తువు తెమ్మనండి. తాళంచెవి తెచ్చిన పిల్లాడు తాళంచెవి గురించే కదా రాస్తాడు" అన్నారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ సోమవారం పిల్లలు తెచ్చినవి మా బల్లమీద పరిచాం. విరిగిన గాజు ముక్క, మందు సీసా మూత, తాతగారి కళ్ళజోడు పెట్టె, ఎండిన కాకరకాయ. గోడపత్రికలో ఇరవై రెండు వేర్వేరు రాతలు వచ్చాయి.

అందుకే చెబుతున్నాను, ప్రశ్న మీ గదిలో నుంచి రావాలి. "విద్యావ్యవస్థ ఎప్పుడు బాగుపడుతుంది సార్?" అని అడిగితే ఆయన మాత్రం బల్ల దగ్గర ఏం చెప్పగలరు? "మూడో తరగతిలో ఒత్తులు రాని పిల్లలు ఆరుగురు ఉన్నారు. మీరు చెప్పిన కార్డుల ఆట ఇద్దరికి పనికివచ్చింది, నలుగురికి రాలేదు" అంటే ఆయన మనసు వెంటనే పనిచేయడం మొదలుపెడుతుంది.

ప్రశ్నను ఇలా సరిచూసుకోండి: పైకి చదివితే అర నిమిషం లోపు అయిపోవాలి. అందులో తరగతి, మీరు చేసిన పని, ఆగిపోయిన చోటు, ఈ మూడూ ఉండాలి. లేకపోతే మళ్ళీ రాయండి.

3. పేరు చీటీ రాసుకోండి

చెవికి ఒకేలా వినిపించే పేర్లు మనకు చాలా ఉన్నాయి. లక్ష్మి, లక్ష్మీ, శైలజ, శైలజా, సత్యవతి, సత్యావతి. మైకు మోత మధ్య రచయితకు మీ పేరు సగమే వినిపిస్తుంది. సిరాతో తప్పు పడ్డాక దిద్దితే పుట పాడవుతుంది. అరచేతిలో సగం ఉండే చీటీ మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, సంతకం కావలసిన పుట దగ్గర అంచు బయటికి కనిపించేలా పెట్టండి. ఇంటిపేరు పూర్తిగా కావాలా, పొడి అక్షరం చాలా, చీటీలో మీకు ఎలా కావాలో అలాగే రాయండి.

పుస్తకం మరొకరికి కానుక అయితే వాళ్ళ పేరు, మీ సంబంధం రాయండి: "మా ప్రధానోపాధ్యాయిని సత్యవతి గారికి". బడి గ్రంథాలయానికి అయితే బడి పేరు, ఊరు రాయండి. "మా ఐదో తరగతి పిల్లలకు" అని రాయించుకుంటే ఇంకా బాగుంటుంది. ఆ పుట చూపించినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి మీరు.

4. పుస్తకం కొనండి, బిల్లు తీసుకోండి

పాత ప్రతి తీసుకెళ్ళవచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా తీసుకెళ్ళండి. మడతలు పడి, అంచుల్లో రాతలున్న ప్రతిని చూస్తే రచయిత ముఖం వెలుగుతుంది. అయితే ఆయన ఒక ప్రచురణ సంస్థ స్టాలులో కూర్చున్నప్పుడు అక్కడ ఏదో ఒకటి కొనడం మర్యాద. కొత్తది వచ్చి ఉంటే అది కొనండి. లేదా అదే పుస్తకం ఇంకొకటి కొని పక్క బడి ఉపాధ్యాయుడికి ఇవ్వండి.

బడి కోసం కొంటుంటే బిల్లు మీద బడి పేరు రాయించుకోండి. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడులకు గ్రంథాలయ నిధి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు, బడి స్థాయిని బట్టి ఉంటుంది. ఆ డబ్బు ఎలా ఖర్చు చేయాలో ఆ ఏటి మార్గదర్శకాలు చెబుతాయి. వాటిని ప్రధానోపాధ్యాయులతో కలిసి చూసిన తర్వాతే కొనండి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి బిల్లులో పన్ను కనిపించకపోతే కంగారు పడనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దయచేసి రచయితను ఉచిత ప్రతి అడగకండి. "పీడీఎఫ్ ఉంటే మన గ్రూపులో పెట్టండి సార్" అని అసలే అడగకండి. బల్లకు అవతల కూర్చున్న రోజుల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. తెలుగులో బడి గురించిన పుస్తకాలు చాలావరకు 500, 1,000 ప్రతులే అచ్చవుతాయి. రాసినవాళ్ళలో ఎంతోమంది మనలాంటి ఉపాధ్యాయులే. జీతంలో నుంచి తీసి అచ్చు వేయించుకుని, మిగిలిన కట్టలు ఇంట్లో మంచం కింద పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. నూటయాభై రూపాయల పుస్తకం కొంటే ఆయన తర్వాతి పుస్తకానికి కాగితం కొన్నట్టే.

5. వరుసలో నిలబడి ఉండగా

సంచి తెరిచి పుస్తకాలు చేతిలోకి తీసుకోండి. సంతకం కావలసిన పుట దగ్గర చీటీ సర్దుకోండి. ఏ పుట అంటే, అట్ట తిప్పగానే వచ్చే ఖాళీ పుట లేదా పుస్తకం పేరు, రచయిత పేరు అచ్చయిన పేరుపుట. నేను పేరుపుటనే ఎంచుకుంటాను. ఖాళీ పుట కుట్టు వదిలి ఊడిపోవచ్చు. పేరుపుట లేని పుస్తకాన్ని ఎవరూ పుస్తకం అనరు కాబట్టి దాన్ని జాగ్రత్తగా చూసుకుంటారు.

మీ చేతిలో నాలుగైదు పుస్తకాలుంటే అన్నిటి మీదా అడగకండి. ఒకటి, మహా అయితే రెండు. మిగిలినవాటికి వరుస అయిపోయాక మళ్ళీ రండి. పిల్లలతో వచ్చినవాళ్ళు, పెద్దవాళ్ళు వెనక ఉంటే ముందుకు పంపండి. మీకు ఇంకో రెండు నిమిషాలు ప్రశ్న తలచుకోవడానికి దొరుకుతాయి.

6. బల్ల ముందు

నమస్కారం, మీ పేరు, మీ ఊరు, మీరు చెప్పే తరగతి. అంతే. ఆ వెంటనే పుస్తకం తెరిచి ఇవ్వండి. ఆయన పేరు రాస్తున్నప్పుడు మాట్లాడకండి. పక్కనుంచి మాటలు వింటూ రాస్తే మీ పేరులో తప్పు పడుతుంది. సంతకం పూర్తయి తల ఎత్తాక ప్రశ్న అడగండి.

"నమస్కారం సార్. నేను పక్క మండలంలో ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చెబుతాను. మీరు చెప్పినట్టు గోడపత్రిక పెట్టాను. పిల్లలందరూ ఒకరిని చూసి ఒకరు ఒకటే రాశారు. ఎలా విడదీయాలి?"

దీన్ని ఇంకో రకం పలకరింపుతో పోల్చి చూడండి: "సార్, మీ రచనలన్నీ చదివాను, మీరంటే నాకు ప్రాణం." ఈ మాటకు రచయిత చేతులు జోడిస్తారు, నవ్వుతారు, అక్కడితో ఆగిపోతుంది. పైగా ఏది బాగా నచ్చిందని ఆయన తిరిగి అడిగితే చెప్పలేక ఇబ్బంది పడేవాళ్ళను చూశాను. పుస్తకం చదవకపోతే ఆ మాటే నిజాయితీగా చెప్పండి: "ఇంకా చదవలేదు మేడమ్. ఏ అధ్యాయంతో మొదలుపెట్టమంటారు?" ఇది చాలా మంచి ప్రశ్న. రచయిత్రులు, రచయితలు దీనికి ఎంతో ఇష్టంగా జవాబు చెబుతారు.

తేదీ, ఊరు కూడా రాయమని అడగండి. పదేళ్ళ తర్వాత ఆ రెండూ చూస్తే ఆ రోజంతా గుర్తుకు వస్తుంది.

పెన్ను గురించి. మన పుస్తకాలు ఎక్కువగా మ్యాప్‌లితో అనే, నున్నటి పూత లేని కాగితం మీద అచ్చవుతాయి. దాని మీద బాల్‌పెన్ను సాఫీగా రాస్తుంది, సిరాపెన్ను మాత్రం కొన్నిసార్లు అవతలి పుటకు దిగుతుంది. పిల్లల బొమ్మల పుస్తకాలు నున్నటి ఆర్ట్ పేపరు మీద ఉంటాయి. దాని మీద జెల్ సిరా నిమిషాల తరబడి తడిగానే ఉంటుంది. పుస్తకం మూసేశారంటే సంతకం ఎదుటి పుటకు అంటుకుని అద్దంలో రాతలా పడుతుంది. అలాంటి పుస్తకాన్ని తెరిచి పట్టుకునే పక్కకు జరగండి.

పెద్ద వయసు రచయితలకు చేయి వణకవచ్చు. అప్పుడు పేరు, తేదీ మీరే రాసి సంతకం ఒక్కటి అడగండి. పుస్తకం ఆయన వైపు తిప్పి, పుట కదలకుండా అంచు మీరు పట్టుకోండి.

ఫోటో కావాలంటే అడిగి తీసుకోండి. ఫోను ముందే పక్కవారి చేతికి ఇచ్చి, కెమెరా తెరిచి ఉంచండి. బల్లకు అవతలికి వెళ్ళి భుజం మీద చేయి వేయకండి. ఆయన మరొకరికి సంతకం చేస్తున్నప్పుడు వెనక నుంచి సెల్ఫీ తీయకండి.

7. బల్ల దగ్గర అడగకూడనివి

"నేనూ ఒక పుస్తకం రాశాను, ముందుమాట రాసి పెట్టండి" అంటూ నాలుగు వందల పుటల రాతప్రతి చేతిలో పెట్టేవాళ్ళు ప్రతి సదస్సులో ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. వాళ్ళ ఆశ నాకు తెలుసు. పిల్లల కథలు పోగుచేసి పుస్తకంగా తేవాలని తపించే ఉపాధ్యాయులంటే నాకు గౌరవం. కానీ ఆ బల్ల దగ్గర ఆ కట్ట తీసుకున్న రచయిత దాన్ని ఎక్కడ పెట్టుకుంటారు? రాత్రి రైలులో సంచితోపాటు మోసుకెళ్ళాలి. అలా చేయకుండా, "మా పిల్లల కథలు ఇరవై ఉన్నాయి. రెండు పుటలు పంపితే చూస్తారా? ఏ చిరునామాకు పంపమంటారు?" అని అడగండి. సరే అంటే ఆ చిరునామా నోటు పుస్తకంలో రాసుకోండి, సరిగ్గా రెండు పుటలే పంపండి. తీరిక లేదంటే నొచ్చుకోకండి.

బదిలీలు, పీఆర్‌సీ (వేతన సవరణ), పాఠ్యపుస్తకంలో తప్పులు, ఇవి కూడా బల్ల దగ్గరి సంగతులు కావు. రచయిత ఒకప్పుడు విద్యాశాఖలో పనిచేసి ఉన్నా సరే.

8. అనువాదకులను మరిచిపోకండి

బడి గురించి మనం తెలుగులో ఇష్టంగా చదివిన పుస్తకాల్లో చాలావరకు అనువాదాలు. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1939లోనే కన్నుమూశారు. బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రేరే 1997లో పోయారు. వాళ్ళ సంతకం మనకు దొరకదు. కానీ ఇలాంటి పుస్తకాలను మన నాలుకకు తెచ్చినవాళ్ళలో ఎందరో మన మధ్యనే ఉన్నారు, సదస్సులకు వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటున్నారు. ఎవరూ వాళ్ళ దగ్గరికి వెళ్ళరు. పేరుపుటలో అనువాదకుల పేరు చూసుకుని, వచ్చారేమో స్టాలులో అడగండి. వెళ్ళి ఆ పేరు కిందే సంతకం అడగండి. ఒక మాట తెలుగులోకి ఎలా వచ్చిందో అడిగి చూడండి, గంటసేపు కూర్చోబెట్టి చెబుతారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసినవాళ్ళ విషయంలోనూ ఇంతే.

9. పక్కకు వచ్చిన వెంటనే

ముందు సరిచూసుకోండి. పేరు సరిగ్గా పడిందా? తేదీ ఉందా? సిరా ఆరిందా? మీ పుస్తకం మీకే వచ్చిందా? బల్ల మీద ఒకే పుస్తకాలు పది ఉన్నప్పుడు తారుమారు కావడం మామూలే. పేరు తప్పుపడితే అప్పుడే వెనక్కి వెళ్ళి మెల్లగా చెప్పండి. కింద ఇంకోసారి సరిగా రాసి ఇస్తారు. మీరు సొంతంగా దిద్దకండి.

తర్వాత ఒక మూల నిలబడి, రచయిత చెప్పిన జవాబును నోటు పుస్తకంలో ఆయన మాటల్లోనే రాసుకోండి. భోజనం చేసి వచ్చాక రాద్దామనుకుంటే సగం పోతుంది. తాళంచెవి మాట నేను ఆ వరండాలోనే, కాగితం గోడకు ఆనించి రాసుకున్నాను కాబట్టి ఈ రోజుకూ ఉంది.

బడి పుస్తకమైతే ఇంకో జాగ్రత్త ఉంది. ఒక బడిలో సంతకం ఉన్న పేరుపుట మీద, సరిగ్గా సంతకం మీదే, గ్రంథాలయం ముద్ర వేసేశారు. ఊదా సిరా కింద రచయిత పేరు, "పిల్లలకు" అన్న మాట రెండూ కలిసిపోయాయి. ముద్ర పుట కింది భాగంలో వేయమని, యాక్సెషన్ నంబరు (గ్రంథాలయ రిజిస్టరులో ఆ పుస్తకానికి ఇచ్చే సంఖ్య) పైమూలలో రాయమని పుస్తకం అప్పగించేటప్పుడే చెప్పండి. పక్కన నిలబడి వేయించండి.

10. నెల తర్వాత

రచయిత చెప్పినది తరగతిలో చేసి చూడండి. నెల గడిచాక ఏం జరిగిందో ఒక పుటలో రాసి పంపండి. పనిచేయకపోతే అదీ రాయండి. పిల్లల రాత ఒకటి జతచేయండి, పిల్లల ఇంటిపేర్లు, ఫోటోలు మాత్రం వద్దు. ఈ ఉత్తరాలు రాసేవాళ్ళు చాలా తక్కువమంది. అందుకే అవి రచయితలకు గుర్తుండిపోతాయి. సదస్సులో మీ కలయిక ఫలించిందో లేదో తెలుసుకోవాలంటే పుస్తకం తెరిచి చూసుకోండి. సంతకం పక్కన పెన్సిలుతో మీరు రాసుకున్న కొత్త గుర్తులు ఉన్నాయా? లేకపోతే ఆ ప్రతిని బీరువాలో నుంచి తీసి బల్ల మీద పెట్టండి.

పిల్లలను తీసుకెళ్తుంటే

ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు ముందే కావాలి. పదిమందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. రచయితకు ముందురోజే కబురు పెట్టండి. నలభై మంది నలభై పుస్తకాలతో వరుస కడితే మిగిలినవాళ్ళకు అన్యాయం. తరగతికి ఒక పుస్తకం కొని, దాని మీద ఒక్క సంతకం అడిగి, ముగ్గురు పిల్లల చేత మూడు ప్రశ్నలు అడిగించండి. ప్రశ్నలు పిల్లలే తయారు చేయాలి. "మీరు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టారా?" అన్నా సరే, మార్చకండి.

అమెరికాలో పాఠాలు చెబుతున్నవాళ్ళకు

అక్కడి బడుల్లో పనిచేస్తున్న తెలుగు ఉపాధ్యాయులు కూడా అడుగుతున్నారు. ఆంగ్లం చెప్పేవాళ్ళకు 1911లో మొదలైన ఎన్‌సీటీఈ (అక్కడి ఆంగ్ల ఉపాధ్యాయుల జాతీయ సంఘం) వార్షిక సమావేశం నవంబరులో, ఏటా ఒక్కో నగరంలో జరుగుతుంది. అక్కడ పద్ధతి వేరు. ప్రదర్శన మందిరంలో ప్రచురణ సంస్థల బూత్‌ల దగ్గర ఏ రచయిత ఏ వేళకు సంతకాలు చేస్తారో ముందే ప్రకటిస్తారు. మెడలో బ్యాడ్జి లేనిదే లోపలికి రానివ్వరు. సమయం ముగియగానే రచయిత లేచి వెళ్ళిపోతారు కాబట్టి పావుగంట ముందే వరుసలో ఉండండి. మీ పేరు చీటీ ఇక్కడికంటే అక్కడ ఇంకా అవసరం, అదీ ఆంగ్ల అక్షరాల్లో, ఒక్కో అక్షరం విడివిడిగా. ఇండియాకు తేవాలనుకుంటే సామాను బరువు ముందే చూసుకోండి. పదిహేను పుస్తకాలు చేరేసరికి పెట్టె బరువు పరిమితి దాటిపోవచ్చు.

కలవడమే కుదరకపోతే

ప్రయాణం వీలుకానివాళ్ళు పోస్టులో సంతకం తెప్పించుకోవచ్చు. ముందుగా ప్రచురణకర్త ద్వారా రచయిత అనుమతి అడగండి. చెప్పకుండా పుస్తకం పంపకండి. సరే అంటే, పేరుపుట దగ్గర మీ పేరు చీటీ, అర పుటలో మీ ప్రశ్న పెట్టి, పుస్తకాన్ని పాలిథిన్ కవరులో చుట్టి పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటరులో స్పీడ్ పోస్టు అనే అడగండి, రసీదు దాచుకోండి. తిరుగు కవరు మీద మీ చిరునామా, పిన్‌కోడు, ఫోను నంబరు మీరే రాసి లోపల పెట్టండి. తిరుగు ఖర్చు ఎంతవుతుందో కౌంటరులో కనుక్కుని ఆ మొత్తం రచయితకు ముందే పంపండి. నెల రోజులు ఆగి, రాకపోతే ప్రచురణకర్తకు ఒక్కసారి ఫోను చేసి చేరిందో లేదో కనుక్కోండి.